సమాధుల తోటలో పండగ



క్రిస్మస్ ఎప్పుడంటే చిన్నపిల్లలైనా చెబుతారు, డిసెంబరు 25 అని. ఈస్టర్ ఎప్పుడంటే మాత్రం క్యాలెండరు చూడాల్సిందే. మా ఇంట్లో ఆ పని నాన్నది. కొత్త క్యాలెండరు గోడకెక్కగానే మార్చి 21 మీద వేలు పెట్టి, ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమిని పట్టుకుని, అది దాటాక వచ్చే తొలి ఆదివారానికి ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టేవారు. క్రీస్తు శకం 325లో నికయ సభలో కూడిన పెద్దలు ఈ పండగను అందరూ ఒకే ఆదివారం చేసుకోవాలని నిశ్చయించారు. ఆ తర్వాత సంఘాల్లో స్థిరపడిన లెక్క ఇది. అందుకే ఈస్టర్ మార్చి 22కి ముందు రాదు, ఏప్రిల్ 25 దాటిపోదు. మన తిథుల్లో చెప్పుకోవాలంటే ఫాల్గుణ పౌర్ణమి వెనకో, చైత్ర పౌర్ణమి వెనకో వస్తుంది.

పున్నమి వెళ్లిన వారం లోపే కాబట్టి, మబ్బు పట్టకపోతే ఈస్టర్ తెల్లవారుజామున ఆకాశంలో చంద్రుడు ఉండి తీరతాడు. ఒక ఏడు నిండుగా పడమట వాలి ఉంటాడు, ఇంకో ఏడు సగమై నడినెత్తిన ఉంటాడు. మా నాయనమ్మకు నికయ సభ సంగతి తెలియదు గానీ ఈ సంగతి బాగా తెలుసు. ఆ వెలుతురు మాకు కావాలి మరి. నాలుగు గంటలకే లేచి మేం ముందు వెళ్లేది గుడికి కాదు. ఊరి బయట, కాలువ గట్టు దిగువన ఉన్న సమాధుల తోటకు.

పండగ పూట శ్మశానానికి వెళ్లడమేమిటని నాతో ఉద్యోగం చేసిన టీచర్లు చాలామంది అడిగారు. తప్పుపట్టి అడిగిన మాట కాదది, తెలియక అడిగిందే. ఈస్టర్ అంటే రంగులు వేసిన గుడ్లు, కుందేలు బొమ్మలు అని పుస్తకాల్లో, సినిమాల్లో చూసినవాళ్లకు అది వింతగానే ఉంటుంది. తెలుగునాట మాత్రం చాలాచోట్ల ఈ పండగకు సమాధుల పండగ అనే పేరు. హైదరాబాదు నారాయణగూడ సమాధుల తోటలోనైనా, కోస్తాలో ఏ కాలువ గట్టున ఉన్న చిన్న పల్లెలోనైనా, ఆ తెల్లవారుజామున సమాధుల మీద పూలుంటాయి, కొవ్వొత్తులుంటాయి, చుట్టూ ఇంటిల్లిపాదీ ఉంటారు. నేను చెప్పబోయేది మా ఒక్క ఇంటి సంగతే. అయినా వింటున్న వాళ్లలో చాలామందికి ఇది తమ ఇంటి సంగతిలాగే ఉంటుందని నా నమ్మకం.

మాది అప్పటి గుంటూరు జిల్లాలో తెనాలికీ రేపల్లెకూ నడుమ ఉన్న ఊరు. ఊరంటే ఊరు కాదు, ఊరికి ఇవతలి పేట. ఊరి బావి నీళ్లు తోడుకోనివ్వని రోజులు మా తాతలు చూశారు. లూథరన్ సంఘానికి చెందిన హయ్యర్ దొరగారు అమెరికా నుంచి వచ్చి 1842 జులై 31న గుంటూరులో అడుగుపెట్టారు. అక్కడ మొదలైన పని పల్లె పల్లెకూ పాకి, 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంగా స్థిరపడింది. మా పేటలోకి గుడీ బడీ ఒకే పాకలో వచ్చాయి. పగలు పిల్లలకు అక్షరాలు, సాయంత్రం పెద్దలకు ప్రార్థన. మా తాత ఓనమాలు దిద్దింది ఆ పాకలోనే.

ఈస్టర్‌కు ముందు నలభై రోజులు శ్రమకాలం. భస్మ బుధవారంతో మొదలవుతుంది. ఆ రోజుల్లో పేటలో పెళ్లి బాజా మోగదు. అమ్మ తల్లో పూలు పెట్టుకోదు. మల్లెలు విరగబూసే కాలమది. మా దొడ్డి గుమ్మం పక్కనే మల్లెపొద ఉండేది. సాయంత్రం అయితే ఇల్లంతా వాసన. అమ్మ ఆ మొగ్గలు కోసి, ఎదురింటి వాళ్లకు, ఊళ్లో పనికి వెళ్లే ఇళ్లకు ఇచ్చేసేది గానీ తను ఒక్కటి ముట్టుకునేది కాదు. పొద్దున్నే ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. పేటలో ప్రతి ఇంట్లోనూ ఆ కుండ ఉండేది. వారానికోసారి ఆ బియ్యం గుడికి చేరి, అక్కణ్నించి ఎవరింట్లో పొయ్యి వెలగడం లేదో ఆ ఇంటికి వెళ్లేది. ఎవరింటికి వెళ్లిందో ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. సాయంత్రాలు ఇంటింటా కూటాలు. ఈ రోజు మా ఇల్లు, రేపు పెదనాన్న వాళ్లిల్లు. చాప పరిచి లాంతరు పెడితే సరిపోయేది.

మట్టల ఆదివారం పిల్లలదే రాజ్యం. మగపిల్లలు తెల్లారకముందే కాలువ గట్టుకు పోయి ఈత మట్టలు కొట్టుకొచ్చేవాళ్లు. ముళ్లు గీరుకుని చేతులు రక్తాలు కారినా లెక్కచేసేవాళ్లు కాదు. మట్టలు ఊపుకుంటూ హోసన్నా అని పేట చుట్టూ తిరిగి గుడికి చేరేవాళ్లం. ఇంటికొచ్చాక నాయనమ్మ ఈతాకును చీల్చి, మడతలు పెట్టి చిన్న సిలువలు అల్లి గుమ్మానికి ఒకటి, బైబిలులో ఒకటి పెట్టేది. మళ్లీ ఏడు దాకా ఆ ఆకు అక్కడే ఎండి గోధుమరంగుకు తిరిగేది.

గురువారం రాత్రి ప్రభు భోజనం. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన. రేకుల కప్పు, ఎండ, తెల్లచీరలు. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడేవారు. అందులో ఒక మాట ఏటా మా నాన్నకు ఇచ్చేవారు. దాహం అన్న మాట. నాన్న పొలాల్లో తిరిగిన మనిషి. దాహం గురించి ఆయన మాట్లాడితే గుడిలో ఉన్న కూలీలంతా తలలు పైకెత్తి వినేవారు. వేసవి పొలంలో నీళ్లడిగితే ఎత్తునుంచి దోసిట్లో పోసిన రోజుల సంగతి ఆయన చెప్పేవారు, ఎవరి మీదా కోపం లేకుండానే. ప్రభువు కూడా అడిగే తాగవలసి వచ్చిందని చెప్పి ఆపేసేవారు. మూడు కొట్టాక గుడి బయట కడవలతో మజ్జిగ పెట్టేవాళ్లు. ఆ రోజు గుడి గంట కొట్టరు.

ఇక శనివారం. నా మటుకు నాకు ఈస్టర్ మొదలయ్యేది ఆ రోజే.

ముందు రోజు రాత్రే నాన్న గుల్లసున్నం రాళ్లు పాత కుండలో వేసి నీళ్లు పోసేవారు. పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. నీళ్లు తగలగానే రాయి చిటపటమని పగిలి, బుసబుసా పొంగి, ఆవిర్లు కక్కి, కుండను చేత్తో తాకలేనంత వేడెక్కేది. రాత్రంతా నానితే పొద్దుటికి చల్లబడి వెన్నలా దిగేది. దాన్ని పాత పంచెగుడ్డలో వడపోసి, రాలిపోకుండా కాచిన తుమ్మజిగురు, తెల్లదనం కోసం చిటికెడు నీలిమందు కలిపేవారు. కుంచె కొనేవాళ్లం కాదు. కొబ్బరిపీచు కుచ్చుగా కట్టి కర్రకు బిగిస్తే అదే కుంచె. కుండ కావడిలో నాన్న, పారలు భుజాన అన్నయ్యలు, బిందెలతో అమ్మా మేమూ బయల్దేరేవాళ్లం.

వానాకాలంలో కాలువ పొంగితే ఆ తోటలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. ఊళ్లో ఎవరికీ పనికిరాని నేల కాబట్టే మా పేటకు దక్కింది. ఏడాది గడిచేసరికి తుంగా, జిల్లేళ్లూ, పల్లేరూ కమ్మేసి ఏది ఎవరిదో తెలిసేది కాదు. ముందు మగవాళ్లు చెక్కి బాట చేసేవారు. సిమెంటు సమాధులు కొన్నే. ఎక్కువ మట్టి దిబ్బలే, తలాపున కర్ర సిలువ. కుంగిన దిబ్బకు మట్టి ఎత్తి, తడిపి, అరచేత్తో మెత్తి, అంచులు తీర్చేవాళ్లు ఆడవాళ్లు. అది ఆరాక పైన సున్నం పూసేవాళ్లు. సిమెంటు వాటి నాచు గీకి, కడిగి, రెండు పూతలు వేసేవాళ్లు. సున్నం వేసేటప్పుడు బూడిద రంగులో నీరసంగా ఉంటుంది. ఎండకు ఆరేకొద్దీ తెల్లబడి, మధ్యాహ్నానికి కళ్లు జిగేలుమంటాయి. మా చేతులు మాత్రం ఒరిసిపోయి మండేవి. అమ్మ ఇంటికొచ్చాక నువ్వులనూనె రాసేది.

చివరికి అక్షరాలు. నాయనమ్మ పోయాక ఆ పని నాకు అప్పగించారు, నా రాత గుండ్రంగా ఉంటుందని. నల్లరంగు డబ్బా, సన్న కుంచె. పేరు, పుట్టిన ఏడు, ఆ కింద ప్రభువునందు నిద్రించిన తేది. ఎండకూ వానకూ వెలిసిన గీతల మీదే మళ్లీ దిద్దడం. నాయనమ్మ తన బతుకంతా ఒకరి చేలల్లో నాట్లు వేసి, కలుపు తీసి, కోతలు కోసింది. ఆమె నాటని చెక్క ఆ చుట్టుపక్కల లేదు. ఆమె పేరు మీద సెంటు భూమి మాత్రం ఏ కాగితంలోనూ లేదు. ఆమెది నాలుగక్షరాల పేరు. బాప్తిస్మం నాడు గుడి రిజిస్టరులో ఒకసారి రాశారు, ఓటర్ల జాబితాలో తప్పుగా రాశారు. నలుగురూ నడిచే చోట, నలుగురూ చదివేలా, తప్పు లేకుండా ఆమె పేరు నిలిచింది ఆ రాయి మీదే. కుంచెతో ఒక్కో అక్షరం దిద్దుతుంటే నాకు ఒళ్లు గగుర్పొడిచేది. ఊరి పెద్దల పేర్లు సత్రాల మీద, బడి గోడల మీద, రచ్చబండ మీద చెక్కి ఉంటాయి. మా వాళ్లకు పేరు రాసుకునే గోడ ఇదొక్కటే. దాన్ని ఏటా కొత్తగా ఉంచుకోవడం మాకు పండగ కాక మరేమవుతుంది?

పని చేస్తూనే అమ్మ ఎవరి దగ్గర వాళ్ల కథ చెప్పేది. ఇదిగో ఈ తాత ఈతలో ఆరితేరినవాడు, కాలువలో పడ్డ కాపుల పిల్లాణ్ని పైకి తీశాడు. ఈమె మంత్రసాని, నిన్ను కూడా ఈమే భూమ్మీద వేసింది. ఈ చిన్న దిబ్బ మీ అన్నయ్యకు ముందు పుట్టినవాడిది, పేరు పెట్టకముందే పోయాడు. అమ్మ ఆ దిబ్బ దగ్గర ఎక్కువసేపు ఉండేది కాదు గానీ, దానికి సున్నం తనే వేసేది, ఇంకెవర్నీ వేయనిచ్చేది కాదు. మా పేట చరిత్ర ఎవరూ పుస్తకంగా రాయలేదు. నేను నేర్చుకున్నదంతా ఆ శనివారాలే నేర్పాయి.

రాత్రి ఎవరికీ నిద్ర పట్టేది కాదు. మూడు దాటాక పేట ఆ చివర కంజిర మోగేది. ఉపదేశిగారు లాంతరు పట్టుకుని, తాళాలూ డప్పూ తోడుగా పాడుకుంటూ ఇంటింటి ముందూ ఆగేవారు. ఆ పాటలన్నీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోవే. ఆ పుస్తకంలో చాలా పాటలకు పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరిగారి వంటి వాగ్గేయకారులు 19వ శతాబ్దంలోనే క్రైస్తవ భక్తిని మన రాగాల్లో కట్టి ఇచ్చారు. చదువు రాని నాయనమ్మకు కూడా పదుల కొద్దీ కీర్తనలు చరణాలతో సహా కంఠతా వచ్చేవి. తలుపు తీసుకుని ఒక్కొక్కరే ఆ గుంపులో కలిసేవాళ్లు. గట్టు మీదికి వచ్చేసరికి పేటంతా ఒక వరసలో ఉండేది. పక్కన కాలువ నీళ్లలో చంద్రుడు మాతో పాటు నడిచేవాడు.

అమ్మ కొంగులో మల్లెమొగ్గలు ఉండేవి. అవి ముందు తాత సమాధి మీద, తర్వాత నాయనమ్మ మీద, తర్వాత ఆ చిన్న దిబ్బ మీద. కొవ్వొత్తి వెలిగించి, గాలికి ఆరకుండా చుట్టూ ఇసక గూడు కట్టేవాళ్లం. కొందరు పగిలిన కుండపెంకు అడ్డం పెట్టేవారు. చీకట్లో తోటంతా వెలుగులైపోయేది. అయ్యగారు సువార్త చదివేవారు. మగ్దలేనే మరియ, యాకోబు తల్లి మరియ, సలోమే, ఈ ముగ్గురూ సుగంధ ద్రవ్యాలు పట్టుకుని తెల్లవారుతుండగా సమాధి దగ్గరికి బయల్దేరతారు. ద్వారానికి అడ్డంగా ఉన్న రాయి ఎవరు పొర్లిస్తారని దారి పొడుగునా దిగులుపడతారు. వెళ్లి చూస్తే రాయి పక్కకు పొర్లి ఉంటుంది. సమాధి ఖాళీ.

ఈ కథ వినడానికి గుడి కన్నా తోటే తగిన చోటని ఇప్పటికీ నా అభిప్రాయం. గుడిలో వింటే అది రెండు వేల ఏళ్ల నాటి సంగతి. తోటలో వింటే, చేతుల్లో పూలతో, కాళ్లకింద తడిమట్టితో నిలబడ్డ మా అమ్మా, పెద్దమ్మలూ, అత్తలే ఆ ఆడవాళ్లు. రాయి ఎవరు తీస్తారనే బెంగ వాళ్లకు కొత్తదా? తీయగలమో లేదో తెలియకుండానే బయల్దేరడం వాళ్ల రోజువారీ పని. ప్రభువు లేచాడన్న మాట పెద్ద పెద్ద శిష్యుల కంటే ముందు ఆడవాళ్లకే తెలిసిందని నాయనమ్మ గర్వంగా చెప్పేది. అప్పటికి తూర్పు తెల్లబడేది. గుడి గంట మోగేది. ప్రభువు లేచాడని ఒకరంటే అవును నిజమేనని ఇంకొకరు, ఒకర్నొకరు చేతులు పట్టుకునేవాళ్లు. అమ్మ కొంగులో మిగిలిన నాలుగు మొగ్గలు అప్పుడు తల్లో తురుముకునేది. నలభై రోజుల తర్వాత.

ఇప్పుడు 1978 ఈస్టర్ గురించి చెప్పాలి. ఆ ఏడు మార్చి 26న వచ్చింది. నేను ఆరో తరగతి.

అమ్మ పుట్టిల్లు దివిసీమ. మా ఊరి నుంచి వెళ్లాలంటే పెనుమూడి రేవులో పడవెక్కి కృష్ణ దాటి పులిగడ్డలో దిగాలి. ఇప్పుడంటే వంతెన ఉంది. ఆ ముందు ఏడు, 1977 నవంబరు 19, శనివారం. ఉప్పెన వచ్చింది. సముద్రం తాడిచెట్టు ఎత్తున లేచి సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వైపు ఊళ్లను ఊడ్చుకుపోయింది. పోయినవాళ్లు అధికారిక లెక్కలోనే 10 వేల మంది దాకా ఉన్నారు. మా పిన్నిని సముద్రానికి దగ్గరి పల్లెలో ఇచ్చారు. పిన్ని, బాబాయి, వాళ్ల ఇద్దరు పిల్లలు. అమ్మా, మేనమామా నీళ్లు తీశాక వెళ్లి వెతికారు. మనుషులూ పశువులూ కలిసి పడి ఉన్న ఆ చోట ఎవరు ఎవరో తెలియలేదు. దొరికిన వాళ్లను దొరికిన చోటే గుట్టలుగా వేసి దహనం చేశారు, కొందర్ని మూకుమ్మడిగా పూడ్చారు. మావాళ్లు ఎందులో ఉన్నారో తెలియదు. అమ్మ పిన్ని ఇంటి అరుగు మటుకు గుర్తుపట్టింది. ఇల్లు లేదు, అరుగు ఉంది.

ఆ నాలుగు నెలలూ అమ్మ ఏడవగా నేను చూడలేదు. గుడికి వచ్చేది, కీర్తనకు నోరు కదిపేది కాదు. ఆ ఈస్టర్‌కు కూడా అందరితో పాటు తోటకు వచ్చింది. తాతకూ, నాయనమ్మకూ, ఆ చిన్న దిబ్బకూ పూలు పెట్టింది. తర్వాత అటూ ఇటూ చూసి, నాయనమ్మ సమాధి పక్కన ఖాళీగా ఉన్న నేలను అరచేత్తో చదును చేసి, నాలుగు కొవ్వొత్తులు వరసగా గుచ్చింది. రెండు పెద్దవి, రెండు చిన్నవి. ఒక్కొక్కటీ వెలిగిస్తూ ఒక్కో పేరు గట్టిగా పలికింది. చుట్టూ ఉన్నవాళ్లు పాట ఆపేశారు. అయ్యగారు వచ్చి ఆ నాలుగు పేర్లూ తిరిగి పలికి ప్రార్థన చేశారు. అప్పుడు ఏడ్చింది అమ్మ. పేటంతా ఆమెతో ఏడ్చింది. అదయ్యాక వెనక వరసలోంచి ఒకామె ముందుకొచ్చింది. ఆమె పుట్టింటివాళ్లదీ ఆ వైపే, ఆమె తమ్ముడూ పోయాడు. అమ్మ కొవ్వొత్తుల పక్కన ఆమె ఇంకొకటి గుచ్చింది. అలా ఆ చదును చేసిన నేల మా తోటలో సమాధి లేనివాళ్ల చోటైంది. పనికోసం దూరదేశం వెళ్లి అక్కడే పోయినవాళ్లకు, సముద్రం మీద వేటకు వెళ్లి తిరిగి రాని చుట్టాలకు ఇప్పటికీ అక్కడే వెలిగిస్తారు.

మరణం తర్వాత ఏముంటుందో తర్కంతో తేల్చుకోదలచినవాళ్లు తేల్చుకోవచ్చు. నేను నమ్మేది మాత్రం ఆ చోట నేర్చుకున్నదే. శరీరం దొరకనివాళ్లను కూడా దేవుడు పేరు పెట్టి పిలుస్తాడని అమ్మ నమ్మింది. ఆ నమ్మకం ఆమెను మళ్లీ వంటింట్లోకి, పొలంలోకి, కీర్తనలోకి నడిపించింది. ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు గట్టు మీద అమ్మ చిన్నగా పాటలో గొంతు కలపడం నేను విన్నాను.

తోట నుంచి వచ్చాక ఇంట్లో సందడి వేరు. మినప్పప్పు రాత్రే నానబోసి ఉంచేవారు. రోట్లో రుబ్బుడు నా వంతు, గారెలు వేయడం పెద్దమ్మ వంతు. పెరట్లో పెంచిన కోడిపుంజు కూర, గసగసాలూ కొబ్బరీ నూరి పోసిన చిక్కటి పులుసు. అందులో వేడి గారె ముంచుకు తింటే శ్రమకాలమంతా వదులుకున్న రుచి ఒక్కసారిగా నాలుకకొచ్చేది. మా కోళ్లు పెట్టిన గుడ్లు ఉడకబెట్టి పిల్లలకు తలా ఒకటి ఇచ్చేవారు. రంగులేమీ వేసేవాళ్లం కాదు, ఉప్పూ మిరియాలపొడీ అద్దుకుని తినేవాళ్లం. ముందుగా ఒక గిన్నె కూర, పది గారెలు మాత్రం పక్కకు తీసి, ఆ ఏడు ఎవరింట్లో మనిషి పోయారో ఆ ఇంటికి పంపేవాళ్లు. వాళ్లు ఆ పూట పొయ్యి వెలిగించకూడదని మా పేట కట్టుబాటు.

కథోలికుల పద్ధతి కొంచెం వేరు. చదువుకునే రోజుల్లో స్నేహితురాలితో ఫిరంగిపురం వెళ్లాను. బాలయేసు గుడి అక్కడ ప్రసిద్ధం. వాళ్లకు శనివారం రాత్రే జాగరణ. గుడిలో దీపాలన్నీ ఆర్పేసి, బయట కొత్త నిప్పు రాజేసి, ఆ నిప్పుతో పెద్ద పాస్కా కొవ్వొత్తి వెలిగిస్తారు. దాని మీద ఆ సంవత్సరం అంకెలు ఉంటాయి. దాని వెలుగు ఒకరి చేతి నుంచి ఒకరికి అందుతూ గుడి చివరిదాకా వస్తుంది. చాలా అందమైన ఆరాధన. అక్కడ నిలబడి ఉన్నా నా మనసు మా కాలువ గట్టు మీదే ఉంది.

2020లో ఈస్టర్ ఏప్రిల్ 12న వచ్చింది. లాక్‌డౌన్. గుళ్లు మూసేశారు, తోటకు వెళ్లే వీల్లేదు. అమ్మ అప్పటికి నడవలేని స్థితిలో మా ఇంట్లోనే ఉంది. నాలుగింటికి నన్ను లేపి డాబా మీద కుర్చీ వేయించుకుంది. పిట్టగోడ మీద కొవ్వొత్తులు వరసగా పెట్టమంది. నేను పెడుతుంటే ఒక్కొక్క పేరూ తను చెప్పింది. తాత, నాయనమ్మ, నాన్న, పేరు లేని ఆ పిల్లాడు, పిన్ని వాళ్లు నలుగురు. ఏ పేరూ తడబడలేదు. చుట్టుపక్కల డాబాల మీద కూడా అక్కడక్కడా వెలుగులు కనిపించాయి. అమెరికాలో ఉన్న అన్నయ్య కొడుకు ఫోనులో చూశాడు. వాడి పిల్లలు అక్కడ గుడి ఆవరణలో రంగు గుడ్లు వెతికే ఆట ఆడుకుంటారు. ఆడుకోనీ, అదీ పండగే. కానీ ఆ పొద్దున ముత్తవ్వ చెబుతున్న పేర్లు వాళ్లు కూడా తిరిగి పలికారు, వాళ్లకు నోరు తిరిగినట్టు.

ఒకప్పుడు అన్నయ్య పిన్ని వాళ్ల కోసం ఒక రాయి చేయిస్తానన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. మనిషి లేని చోట రాయి వద్దురా, నేను పోయాక నా రాయి మీద నా పేరు కింద దాని పేరు రాయండి, నా పక్కన పడుకుంటుంది, చిన్నప్పుడూ అంతే కదా అంది. అమ్మ పోయాక అలాగే చేశాం. పైన అమ్మ పేరు, ఆ కింద పిన్నిది, బాబాయిది, పిల్లలిద్దరివి. అమ్మ నిద్రించిన తేదీ ఒక్కటి వేరుగా ఉంది. మిగతా నలుగురికీ కలిపి ఒకటే తేదీ, 1977 నవంబరు 19.

ఇప్పుడు నాకు కళ్లు సరిగా ఆనడం లేదు, సన్న కుంచె పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. అన్నయ్య మనవరాలు తొమ్మిదో తరగతి, రాత గుండ్రంగా ఉంటుంది. పోయినసారి నా పక్కనే కూర్చుని రంగు డబ్బా పట్టుకుని చూసింది. ఈ పేర్లలో ఎవరు నాకు ఏమవుతారని అడిగి, వరసలన్నీ ఒక కాగితం మీద రాసుకుంది. ఈ శనివారం అక్షరాలు తనే దిద్దుతానంది. సున్నం నానబెట్టాం. ఆదివారం తెల్లవారుజామున ఎవరైనా మా కాలువ గట్టు వైపు వస్తే తోటలోకి రండి, మావాళ్ల పేర్లు అది చదివి వినిపిస్తుంది. తర్వాత ఇంటికొచ్చి గారెలు తిని వెళ్లండి.